కోర్సు ఫీజును ఖర్చుగా రాసుకోవాలంటే: ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఐటీఆర్-3, ఐటీఆర్-4 ఎలా ఉన్నాయి?

ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ మీద వచ్చే అభిప్రాయాలన్నీ దాదాపు జీతగాళ్లవే. ఫారం-16 వివరాలు వచ్చి కూర్చున్నాయా, రీఫండ్ ఎన్ని రోజులకు పడింది, అక్కడితో సరి. సొంత క్లినిక్ నడిపే డాక్టరుకి, కోర్టుకెళ్లే లాయరుకి, ఇంట్లో కూర్చుని కంపెనీలకు కోడ్ రాసిచ్చే ఫ్రీలాన్సరుకి ఆ అభిప్రాయాలు పెద్దగా పనికిరావు. వాళ్ల ప్రశ్న వేరు: ఏడాదంతా సర్టిఫికేషన్లకీ వర్క్‌షాపులకీ కాన్ఫరెన్సులకీ పెట్టిన డబ్బుని ఎక్కడ రాయాలి, రాస్తే ఎంత మిగులుతుంది? ఈ రివ్యూ ఆ ఒక్క ప్రశ్నకే. లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే అసెస్‌మెంట్ ఇయర్ 2026-27వి. పన్ను రేట్లు కొత్త విధానంవి.

2021 జూన్ 7న మొదలైన ఈ పోర్టల్ పూర్తిగా ఉచితం. వృత్తి ఆదాయం ఉన్నవాళ్లకి ఇక్కడ రిటర్న్ (ఐటీఆర్) వేయడానికి రెండు దారులున్నాయి. ఐటీఆర్-4 చిన్న ఫారం, సుగమ్ అంటారు. ఐటీఆర్-3 పెద్దది. బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల ఖాతా, డిప్రిసియేషన్ (తరుగుదల) షెడ్యూళ్లు అన్నీ అందులో ఉంటాయి. కోర్సు ఫీజుని ఖర్చుగా చూపించే గడి ఐటీఆర్-4లో లేదు. అది ఫారంలో లోపమేమీ కాదు, చట్టమే అలా ఉంది.

44ఏడీఏ సెక్షన్ కింద లాయర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, టెక్నికల్ కన్సల్టెంట్లు, ఇంటీరియర్ డెకరేటర్లు, ప్రభుత్వం నోటిఫై చేసిన మరికొన్ని వృత్తులవాళ్లు తమ స్థూల రాబడిలో సగాన్ని లాభంగా చూపిస్తే చాలు. రాబడి 50 లక్షల లోపు ఉండాలి. నగదుగా వచ్చింది 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా కుదురుతుంది. మిగతా సగంలో ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, ఇంటర్నెట్, లాప్‌టాప్ తరుగుదల, కోర్సు ఫీజు అన్నీ వచ్చేశాయనే చట్టం అనుకుంటుంది. 30 నుంచి 38 వరకు ఉన్న సెక్షన్ల మినహాయింపులు ఇచ్చేసినట్టే లెక్క. ఆ పైన విడిగా ఒక్క రూపాయి కూడా తీయడానికి లేదు.

చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. బిల్లులు చేతిలో ఉన్నాయి కదా, క్లెయిమ్ చేయకపోతే నష్టం కదా అనుకుని ఐటీఆర్-3 తెరుస్తారు. ఒకసారి లెక్క వేసి చూడండి.

ఒక ఫ్రీలాన్స్ సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుకి ఏడాది రాబడి 30 లక్షలు. 44ఏడీఏ కింద లాభం 15 లక్షలు. పన్ను: 4 నుంచి 8 లక్షల మీద 20 వేలు, 8 నుంచి 12 మీద 40 వేలు, చివరి 3 లక్షల మీద 15 శాతం చొప్పున 45 వేలు. మొత్తం 1,05,000, సెస్సు కలిపితే 1,09,200. ఇప్పుడు అదే మనిషి ఖర్చులన్నీ బిల్లుల ప్రకారం చూపించాడనుకోండి. లక్షన్నర కోర్సు ఫీజుతో కలిపి ఖర్చులు 11 లక్షలయ్యాయి. లాభం 19 లక్షలు, పన్ను సెస్సుతో 1,87,200. బిల్లులన్నీ పోగేసి, ఐటీఆర్-3 గడులన్నీ నింపి, 78 వేలు అదనంగా కట్టినట్టయింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం కూడా కాదు, ఎలుక చేత కరిపించుకోవడం.

రాబడి 24 లక్షలైతే సంగతి ఇంకా తేలిక. 44ఏడీఏ లాభం 12 లక్షలు. వేరే ఆదాయం లేకపోతే 87ఏ రిబేటుతో (పన్ను మాఫీతో) పన్ను సున్నా. క్లయింట్లు 194జే కింద 10 శాతం చొప్పున పట్టుకున్న టీడీఎస్ మొత్తం వెనక్కి వస్తుంది. అక్కడ కోర్సు బిల్లుల ప్రస్తావనే అక్కర్లేదు.

అందుకని గుర్తుంచుకోవాల్సిన గీత ఒకటే: మొత్తం ఖర్చులు రాబడిలో సగం దాటాయా లేదా. సగం దాటనంత వరకు కోర్సు బిల్లుకి పన్ను పరంగా విలువ లేదు. దాటిన రోజు నుంచి ప్రతి బిల్లూ పనికొస్తుంది, కానీ ఆడిట్ కూడా వెంటబడుతుంది. సగం కంటే తక్కువ లాభం చూపించి, మొత్తం ఆదాయం కనీస మినహాయింపు పరిమితిని మించితే, ఖాతా పుస్తకాలు రాయాలి, 44ఏబీ కింద చార్టర్డ్ అకౌంటెంటుతో ఆడిట్ చేయించాలి. పై ఉదాహరణలోనే ఖర్చులు 17 లక్షలనుకుందాం, అందులో రెండున్నర లక్షలు శిక్షణకే. లాభం 13 లక్షలు, పన్ను సెస్సుతో 78,000. 44ఏడీఏతో పోలిస్తే 31,200 మిగిలింది. అందులోంచి ఆడిటర్ గారి ఫీజు, ఏడాది పొడుగునా పద్దులు రాసిన మనిషి ఖర్చు తీసేస్తే ఎంత మిగులుతుందో మీ ఊరి రేట్లను బట్టి చూసుకోండి.

చిన్న వ్యాపారాలకి వర్తించే 44ఏడీ సెక్షన్‌లో, ఒకసారి వదిలితే అయిదేళ్లు తిరిగి చేరలేని కట్టుబాటు ఉంది, 44ఏడీఏలో అది లేదు. ఈ ఏడాది సగం లెక్క, వచ్చే ఏడాది పుస్తకాల లెక్క, ఆ పై ఏడాది మళ్లీ సగం లెక్క వేసుకోవచ్చు. పెద్ద కోర్సు, కొత్త పరికరాలు, ఆఫీసు మార్పు అన్నీ ఒకే ఏడాదిలో పడేలా చూసుకుని, ఆ ఒక్క ఏడాదికే ఆడిట్‌కి వెళ్తే లెక్క గిట్టుబాటవుతుంది. ఏడాదికి కొంత చొప్పున పరిచిన ఖర్చు ఏ ఏడాదీ సగం గీతను దాటదు.

ఈ సగం వెసులుబాటు లేనివాళ్లూ ఉన్నారు. ఇన్సూరెన్స్ ఏజెంట్లు, కమిషన్ మీద పనిచేసే బ్రోకర్లు 44ఏడీలోకీ రారు, 44ఏడీఏలోకీ రారు. వాళ్లకి మొదటి రూపాయి నుంచే అసలు ఖర్చులు లెక్కకొస్తాయి. శిక్షణ ఫీజులూ పరీక్ష ఫీజులూ జాగ్రత్తగా దాచుకోవాల్సింది నిజానికి వాళ్లే.

ఫారాల సంగతికొద్దాం.

ఐటీఆర్-4కి అయిదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. టీడీఎస్ వివరాలు ముందే నిండి ఉంటాయి. వృత్తి కోడ్, స్థూల రాబడి, లాభం, కొద్దిపాటి బ్యాలెన్స్ వివరాలు రాస్తే పని అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంటుకి 14001, న్యాయవాద వృత్తికి 16001. 26ఏఎస్‌లో (మీ పేర పట్టుకున్న టీడీఎస్ చూపే స్టేట్‌మెంట్‌లో) కనిపించే రాబడి కంటే తక్కువ చూపిస్తే రిటర్న్ లోపభూయిష్టమంటూ 139(9) నోటీసు రావచ్చు, సరిదిద్దుకోవడానికి 15 రోజులు ఇస్తారు. అర మార్కు తీసేసింది ఎందుకంటే, విదేశీ షేర్లు కొన్ని ఉన్నా, ఏదైనా కంపెనీలో డైరెక్టరుగా ఉన్నా ఈ ఫారం పనికిరాదు. పాత కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు నాలుగు ఖాతాలో మిగిలిపోయిన ఫ్రీలాన్సర్లు హైదరాబాదులో తక్కువేమీ లేరు. వాళ్లు ఐటీఆర్-3 వేయాల్సిందే. అయితే ఐటీఆర్-3 లోపల కూడా 44ఏడీఏ గడులున్నాయి. పెద్ద ఫారం వేస్తున్నాం కాబట్టి సగం లెక్క పోయినట్టే అనుకోకండి.

ఐటీఆర్-3కి రెండున్నర. లాభనష్టాల ఖాతాలో ఖర్చుల వరుస చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పండగ ఖర్చులకి గడి ఉంది. క్లబ్బు ఖర్చులకి ఉంది. గెస్ట్‌హౌస్‌కి, బహుమతులకి, స్కాలర్‌షిప్‌కి కూడా ఉంది. వృత్తి శిక్షణకి మాత్రం లేదు. అందుకని ఇలా సర్దుకోవాలి:

కాన్ఫరెన్స్ రిజిస్ట్రేషన్ రుసుము 'కాన్ఫరెన్స్' గడిలోకి. అక్కడికి వెళ్లిన రైలు, విమాన ఛార్జీలు ప్రయాణాల గడిలోకి, విదేశమైతే విదేశీ ప్రయాణం గడి వేరే. బస 'హోటల్' గడిలోకి. కోర్సు ఫీజు, పరీక్ష ఫీజు, ఆన్‌లైన్ చందా మాత్రం కింద ఉన్న 'ఇతర ఖర్చులు' దగ్గర వరుస జోడించి, స్వభావం రాసే చోట స్పష్టంగా రాయాలి. 'ఇతరాలు' అని వదిలేస్తే రేపు ప్రశ్న మీకే. 'వృత్తి నైపుణ్య శిక్షణ ఫీజులు' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు చాలు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. 'ప్రొఫెషనల్, కన్సల్టెన్సీ ఫీజులు' అన్న గడి కనిపించగానే కోర్సు ఫీజు అందులో వేసేస్తారు. ఆ గడి లోపల భారత్ బయట చెల్లించినవి, మిగతావి అని రెండు భాగాలుంటాయి. అమెరికా సంస్థకి కట్టిన సర్టిఫికేషన్ రుసుము అందులో పడిందంటే, నాన్ రెసిడెంటుకి కన్సల్టెన్సీ ఫీజు కట్టారు, టీడీఎస్ ఏది అని అడిగే అవకాశాన్ని చేజేతులా ఇచ్చినట్టు. మీరు సలహా కొనుక్కోలేదు, పాఠం కొనుక్కున్నారు. దాన్ని పాఠంగానే రాయండి.

పుస్తకాల సంగతి ఇంకా విచిత్రం. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో వృత్తి పుస్తకాలు 'ప్లాంట్' కిందికి వస్తాయి, ఆపరేషన్ థియేటర్‌లో పరికరాల పక్కన. తరుగుదల రేటు 40 శాతం. ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. ఒక లాయరు డిసెంబరులో 50 వేలకు లా రిపోర్టుల సంపుటాలు కొంటే ఆ ఏడాది రాసుకోగలిగేది 10 వేలు. అదే 50 వేలు ఆన్‌లైన్ డేటాబేస్ ఏడాది చందాకి కడితే అది మామూలు ఖర్చు. ఒకే తీర్పు అట్ట వేసి కొంటే ఆస్తి, తెర మీద చదివితే ఖర్చు. ఐటీఆర్-3లో పుస్తకాలు ప్లాంట్ అండ్ మెషినరీ డిప్రిసియేషన్ షెడ్యూల్‌లో 40 శాతం నిలువు వరుసలోకి వెళ్లాలి. కోర్సు కోసమని కొన్న లాప్‌టాప్ కూడా అక్కడికే.

ఇంతకీ ఏ చదువు ఖర్చు, ఏది కాదు? దీనికి పోర్టల్ ఏ సాయమూ చేయదు, ఏ అంకె వేసినా తీసుకుంటుంది. తేల్చేది 37(1) సెక్షన్. ఖర్చు సొంతానిది కాకూడదు, మూలధన స్వభావం ఉండకూడదు, పూర్తిగా వృత్తి కోసమే అయ్యుండాలి. ఆచరణలో దీని అర్థం: ఇప్పటికే చేస్తున్న పనికి పదును పెట్టే చదువైతే ఖర్చు, చేయని పనికి అర్హత తెచ్చే చదువైతే కాదు. జావా మీద పనిచేస్తున్న డెవలపరు క్లౌడ్ సర్టిఫికేషన్ రాస్తే ఖర్చు. అదే మనిషి సాయంత్రం కాలేజీలో ఎల్ఎల్‌బీ చదివితే కాదు. దంతవైద్యుడు ఇంప్లాంట్ల మీద రెండు వారాల వర్క్‌షాపుకి వెళ్తే ఖర్చు. క్లినిక్ నడుపుతున్న ఎంబీబీఎస్ డాక్టరు మూడేళ్ల ఎండీలో చేరితే, అది చిరకాల ప్రయోజనం, మూలధన స్వభావం అని అధికారి కొట్టేసే అవకాశం గట్టిగా ఉంది. ఇక ప్రాక్టీసు మొదలుపెట్టకముందు పెట్టిన ఖర్చు సంగతి, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. వృత్తే లేనప్పుడు వృత్తి ఖర్చు ఎక్కడిది?

నియమాలు తప్పనిసరి చేసిన చదువుకి వాదన అన్నిటికంటే బలంగా ఉంటుంది. వైద్య నీతి నియమావళి డాక్టర్లని అయిదేళ్లకు 30 గంటల నిరంతర వైద్య విద్య పూర్తి చేయమంటుంది. అలాంటి సదస్సు రుసుము వృత్తి కోసం కాదని ఎవరూ అనలేరు. అయితే ఆ సదస్సుకి మందుల కంపెనీ టికెట్ కొనిస్తే కథ తిరగబడుతుంది. మీ జేబులోంచి పోనిది మీకు ఖర్చు కాదు సరికదా, అది మీకు ఆదాయం. ఏడాదికి 20 వేలు దాటిన ఇలాంటి ప్రయోజనాల మీద 2022 జూలై 1 నుంచి 194ఆర్ కింద 10 శాతం టీడీఎస్ ఉంది, మీ ఏఐఎస్‌లో (పోర్టల్‌లోని వార్షిక సమాచార స్టేట్‌మెంట్‌లో) కనబడుతుంది. సదస్సు పేరుతో వెళ్లి కుటుంబంతో మరో వారం తిరిగొస్తే, సదస్సు రోజుల బస వరకే రాయాలి. పిల్లల టికెట్లు అసలే కుదరవు.

ఇతర సెక్షన్లతో కలగలిపేయడం ఇంకో గొడవ. 80సీ ట్యూషన్ ఫీజు పిల్లల చదువుకే, మీ కోర్సుకి కాదు. 80ఈ విద్యారుణం మీద వడ్డీకే, అసలుకి కాదు. పైగా రెండూ పాత పన్ను విధానంలోనే దొరుకుతాయి, వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు పాతదానిలోకి వెళ్లాలంటే గడువులోగా ఫారం 10-ఐఈఏ వేయాలి. 37(1) ఖర్చు మాత్రం కొత్త విధానంలోనూ దొరుకుతుంది. ఈ తేడా తెలియక, కొత్త విధానంలో ఏ మినహాయింపూ లేదని కోర్సు బిల్లులు పారేసేవాళ్లున్నారు. అది జీతగాళ్ల మాట, మీది కాదు.

బిల్లుల దగ్గర చిన్న చిన్న చిక్కులున్నాయి. ఒకే రోజు ఒకరికే 10 వేలకు మించి నగదు ఇస్తే 40ఏ(3) కింద ఆ ఖర్చు మొత్తం పోతుంది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ నగదు ఇస్తే తగ్గిస్తామంటే, ఆ తగ్గింపు మీ పన్నులోంచే వస్తోందని గుర్తుంచుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు బిల్లు మీద తమ జీఎస్టీ నంబరు వేయించుకోవాలి. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటే (బిల్లు మీది జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుంటే) జీఎస్టీ పోను మిగిలినదే ఖర్చు. 1,18,000 బిల్లులో 18 వేలు క్రెడిట్ కింద తీసుకుని, మళ్లీ 1,18,000 ఖర్చు రాస్తే అది రెండుసార్లు తీసుకోవడమే. ఈఎంఐ మీద చేరిన కోర్సుకి నెల కిస్తీ ఖర్చు కాదు. కోర్సు ఫీజు ఖర్చు, ఫైనాన్స్ కంపెనీ వేసే వడ్డీ వేరే పద్దు. ఫిబ్రవరిలో కొన్న 12 నెలల చందాని నగదు పద్ధతి (డబ్బు కట్టినప్పుడే రాసే పద్ధతి) పుస్తకాల్లో ఆ ఏడాదే రాయొచ్చు, మర్కంటైల్ పద్ధతిలో (ఖర్చు ఏ కాలానిదో ఆ కాలానికే రాసే పద్ధతిలో) ఆ ఏడాదికి రెండు నెలలే వస్తాయి. ఏ పద్ధతి అన్నది ఐటీఆర్-3 అడుగుతుంది, అక్కడ చెప్పినదీ పుస్తకాల్లో ఉన్నదీ ఒకటే కావాలి. డాలర్లలో కట్టినదానికి ఇన్‌వాయిస్‌తో పాటు కార్డు స్టేట్‌మెంట్ పేజీ కూడా జతచేయండి. రూపాయల్లో ఎంత పోయిందో చెప్పేది అదే.

చిట్టా, ఆవర్జా (లెడ్జర్), బిల్లుల నకళ్లు సంబంధిత అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక ఆరేళ్లు ఉంచాలి. కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్, సిలబస్ పేజీ, ఆ ఏడాది క్లయింటుకి చేసిన పనిలో ఆ నైపుణ్యం కనిపించే ఇన్‌వాయిస్ ఒకటి, ఈ మూడూ ఫీజు రసీదుతో కలిపి పెట్టండి. రసీదు ఒక్కటే డబ్బు పోయిందని చెబుతుంది, దేనికి పోయిందో చెప్పేది మిగతా మూడు. లేని కోర్సుకి బిల్లు పుట్టిస్తే 270ఏ కింద ఎగవేసిన పన్నుకి 200 శాతం జరిమానా.

ఆడిట్ దారిలో వెళ్లేవాళ్లకి పోర్టల్ పెట్టే అసలు పరీక్ష వర్క్‌లిస్ట్. ముందు మీరు పోర్టల్‌లో మీ సీఏని జోడించి ఫారం అప్పగించాలి. ఆయన ఆడిట్ రిపోర్టు ఫారాలైన 3సీబీ-3సీడీ అప్‌లోడ్ చేస్తారు. అక్కడితో అయిపోలేదు. మీరు లాగిన్ అయి వర్క్‌లిస్ట్‌లో దాన్ని ఆమోదించాలి. ఆమోదించేదాకా ఆ రిపోర్టు దాఖలైనట్టు కాదు. సీఏ గారు 'అప్‌లోడ్ చేశాను' అన్నారు, క్లయింటు 'సరే' అన్నాడు, గడువు దాటిపోయింది. ఇలా జరిగితే 271బీ కింద రాబడిలో అర శాతం జరిమానా, లక్షన్నర పరిమితి. 30 లక్షల రాబడి మీద 15 వేలు, అంటే పైన లెక్కవేసిన మిగులులో సగం. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయడం అందరికీ మామూలే.

2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది. 44ఏడీఏ సంగతులు అందులో 58వ సెక్షన్‌లోకి వెళ్లాయి, అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాట పోయి ట్యాక్స్ ఇయర్ వచ్చింది. మార్చి 31 రాత్రి కార్డు గీకి కొన్న కోర్సు పాత చట్టం లెక్కలోకి, తెల్లారి కొన్నది కొత్త చట్టం లెక్కలోకి వస్తాయి. బిల్లుల ఫోల్డర్‌ని అక్కడే రెండుగా విడగొట్టండి.